ప్రార్థన నూనెలో నేను కలిపింది

మార్తమ్మ కుడిచేతికి చూపుడువేలు లేదు. ఆ వేలు పోవడంలో నా చెయ్యి ఉంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాయడానికి నాకు ఆరేడేళ్లు పట్టింది. రాసి చూసుకుంటే ఇంతేనా అనిపిస్తోంది గానీ, ఇన్నాళ్లూ గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అక్కడే ఉన్నాయి. అన్నం తింటున్నా, పాట పాడుతున్నా, మనవరాలికి జడ వేస్తున్నా అక్కడే ఉన్నాయి. బయటికి రావు, లోపలికి పోవు.

ఆమె అసలు పేరు మార్తమ్మ కాదు. నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. పర్చూరుకి బస్సెక్కి సంతకి వెళ్లొచ్చేంత దూరంలో, మిరపా పత్తీ పండే నల్లరేగడి ఊరు అనుకోండి చాలు. మా ఆయన అక్కడ చిన్న చర్చికి పాస్టరు. జనం ఆయన్ని అయ్యగారంటారు, నన్ను అమ్మగారంటారు. నేను పుట్టింది కూలివాళ్ల ఇంట్లోనే. మా అమ్మ కల్లాల్లో మిరపకాయలు ఏరి నన్ను ఇంటరు దాకా చదివించింది. అలాంటిదాన్ని పెళ్లయి వచ్చేసరికి మా అమ్మ వయసు వాళ్లు కూడా లేచి నిలబడి "వందనాలమ్మగారూ" అంటుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నాకు మొదటి రోజు సిగ్గేసింది. నెల తిరిగేసరికి ఎవరైనా లేవకపోతే కోపం వచ్చేది.

అసలే నాకు కోపం ఎక్కువ. నోరు ఇంకా ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో నేను ఏ పాపం ఎరగని మంచిదాన్నని మీరు పొరపాటున కూడా అనుకోకూడదు.

మిరప కోతలు మొదలైతే మా ఆడవాళ్ల చేతులు చేతులుగా ఉండవు. పొద్దంతా కోత, ఆ తర్వాత కల్లంలో ఎండిన కాయ ఏరడం, తొడిమలు తీయడం. వేళ్లు ఎర్రగా ఉబ్బుతాయి, చర్మం చిట్లుతుంది. ఇంటికొచ్చి పసిబిడ్డ మొహం కడగడానికి భయం. మజ్జిగలో ముంచుతారు, ఆముదం రాస్తారు, అయినా మంట మంటే. మా అమ్మ చేతులు నాకు తెలుసు. చిన్నప్పుడు ఆమె నాకు అన్నం ముద్ద కలిపి పెట్టేది కాదు, చెంచాతో పెట్టేది.

మా ఊరి హెల్త్ సెంటర్‌కి ఒంగోలు నుంచి ఒక నర్సు వచ్చింది. కుర్రపిల్ల, ఓపిక గలది. ఒకరోజు సంచీ నిండా ఆయింట్‌మెంట్ ట్యూబులు తెచ్చి మా అరుగు మీద పెట్టింది. దురదకీ, మంటకీ, చర్మం పగుళ్లకీ అంది. "కార్డు అడగమండీ, చీటీ అక్కర్లేదండీ. జ్వరం బిళ్లలూ, ఓఆర్ఎస్ ప్యాకెట్లూ, ఈ మందూ, ఎవరడిగితే వాళ్లకి ఊరికే ఇవ్వమన్నారు. నేనొచ్చేసరికి వీళ్లంతా చేలో ఉంటున్నారు. మీ దగ్గర పెట్టిపోనా అమ్మగారూ?" అంది. పెట్టమన్నాను. ఎంత సంతోషం వేసిందో. మా అమ్మకి అందనిది వీళ్లకి అందుతోంది కదా అనుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటన చేశాను. ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఊరికే ఇచ్చేది మందెలా అవుతుందని వాళ్ల అనుమానం. తర్వాత మొహమాటానికి పట్టుకెళ్లిన ఒకరిద్దరిలో ఒకాయన దాన్ని సైకిలు చైనుకి పూశాడు, చైను బాగా తిరుగుతోందని నాకే వచ్చి చెప్పాడు. అదే మనుషులు కొట్లో ఏదో పేరు తెలియని క్రీము కొనుక్కుని రాసుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయింది. మీ పన్నులతో మీకోసం పంపిన మందర్రా ఇది అని అరిచాను కూడా. నవ్వి ఊరుకున్నారు.

సరిగ్గా ఆ కోపంలో ఉండగా మార్తమ్మ వచ్చింది.

మార్తమ్మ గురించి చెప్పాలి. భర్త లేడు, ఒక్క కొడుకు, కూలి పని. మా సంఘంలో ఆమెలా ప్రార్థన చేసేవాళ్లు లేరు. అయ్యగారి ప్రార్థన కంటే ఆమె ప్రార్థనే బాగుంటుందని అయ్యగారే అనేవారు. చదువు రాదు. గొంతెత్తిందంటే పక్క వీధి దాకా వినపడేది, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు దేవుడితో మాట్లాడేది. ఆ రోజు రెండు చేతులూ వాచి వచ్చింది. నేను ట్యూబు తీసి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకా గవర్నమెంటు మందు వద్దమ్మగారూ. మీరు నూనె రాసి ప్రార్థన చేయండి, అదే చాలు" అంది.

వంటింట్లోకి వెళ్లాను. కొబ్బరినూనె వెచ్చబెట్టాను. అందులో ఆ ట్యూబు మొత్తం పిండి కలిపేశాను. వాసన తెలియకుండా గంధం నూనె చుక్క వేశాను. ప్రేమతో కలిపానని రాద్దామనుకున్నాను, చేతులు రాలేదు. కోపంతోనే కలిపాను. మీకిలా అయితే గానీ ఎక్కదు కదా అనుకుంటూ కలిపాను. తర్వాత ఆమె చేతులకి రాసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. ప్రార్థన మాత్రం నిజంగానే చేశాను.

వారం తిరక్కుండా మంట తగ్గింది. ఆదివారం, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మార్తమ్మ లేచి రెండు చేతులూ పైకెత్తి చూపించింది. అమ్మగారు నూనె రాస్తే నా చేతులు బాగయ్యాయని చెప్పింది. చర్చి మొత్తం తిరిగి చూసింది. అయ్యగారి వైపు కాదు, నా వైపు.

అప్పుడే నేను లేచి, "ఓసి పిచ్చిదానా, అందులో ఉంది నువ్వొద్దన్న మందే" అని ఉంటే అందరం కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం. అందరూ ట్యూబులు పట్టుకుపోయేవారు. ఎందుకనలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. వాళ్లకి మేలే కదా జరుగుతోంది, మందు ఒంటికి పడుతోంది కదా, ఎలా పడితే ఏమిటి అని అప్పట్లో జవాబు చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ చూపు నాకు బాగా నచ్చింది. అంతమంది ఒకేసారి నా వైపు అలా చూడటం అదే మొదలు.

ఇక ఆ తర్వాత ఆగలేదు. మందు మనది, నూనె మనది. పక్క ఊళ్ల నుంచి సీసాలు పట్టుకుని వచ్చేవారు. ఖాళీ ట్యూబుల్ని పొయ్యిలో పత్తికంపతో పాటు కాల్చేసేదాన్ని. ఇల్లంతా కమురు వాసన వస్తే ఏదో మాడిందని ఆయనతో చెప్పేదాన్ని. ఆయన మంచాయన, నమ్మేవారు. నూనె మహిమ మీద ప్రసంగాలు కూడా చేశారు. అటు నర్సమ్మ, "మీ వల్లే అమ్మగారూ మా మందు జనానికి చేరుతోంది" అని మెచ్చుకునేది. దేవుడి పేరూ వాడుకున్నాను, సర్కారు మందూ వాడుకున్నాను, మధ్యలో మంచిపేరు నేను కొట్టేశాను.

నేను చూడనిది ఒకటుంది. చూడనిదా, చూసీ చూడనట్టు వదిలేసిందా? మా వీధివాళ్లు హెల్త్ సెంటర్‌కి వెళ్లడం పూర్తిగా మానేశారు. బిడ్డకి విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ అక్కడ ఊరికే దొరుకుతుంది, ఎవరూ తెచ్చుకోలేదు. జ్వరం వస్తే నూనె, కీళ్లు పట్టేస్తే నూనె. నర్సమ్మ బీపీ చూస్తానన్నా, షుగరు చూస్తానన్నా నవ్వేవారు. అమ్మగారి నూనె ఉండగా మాకెందుకమ్మా అనేవారు. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా భయం వేయాల్సింది. గర్వంగా ఉండేది.

ఒక ఏడాది పత్తి తీస్తుంటే మార్తమ్మ చూపుడువేలికి పత్తికాయ మొన గీరుకుంది. చిన్న గీత. మానలేదు. నూనె రాశాను. వేలు వాచింది. ఇంకా రాశాను. ఆమె మనిషి చిక్కిపోయింది, ఊరికూరికే దాహం అనేది. నర్సమ్మ ఆమెని బస్టాపు దగ్గర చూసి గట్టిగా చెప్పిందట. ఆ సాయంత్రం మార్తమ్మ మా ఇంటికొచ్చి అరుగు కింద నిలబడింది.

"అమ్మగారూ, నర్సమ్మ సూది గుచ్చి రక్తం చూస్తానంటంది. షుగరేమో అంటంది. డబ్బులేం అక్కర్లేదంట, బిళ్లలు కూడా వాళ్లే ఇస్తారంట. ఎళ్లమంటారా?"

నేను అరుగు మీద చాప సర్దాను.

"మీ నూనె రాసుకుంటన్నా గదా. ఇంకా అదెందుకులే అని నాకూ అనిపిస్తంది. మీరెట్టా చెప్తే అట్టా."

ఆ క్షణం నా బుర్రలో ఏం తిరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఈమె వెళ్తుంది. నర్సు వేలు చూస్తుంది, ఏం రాస్తున్నావని అడుగుతుంది, సీసా తెమ్మంటుంది. మూత తీయగానే తన మందు వాసన తనకి తెలియదా? వేలి గురించి ఆలోచించలేదు. షుగరు గురించి ఆలోచించలేదు. ఇంటరు చదివినదాన్ని, షుగరున్నవాళ్లకి పుండు మానదని నాకు తెలుసు. తెలిసి కూడా నా పరువు గురించే ఆలోచించాను.

"నమ్మకం ఉంటే చాలు మార్తమ్మా," అన్నాను. "ఇంకొన్నాళ్లు రాసి చూడు."

ఆమె చేతులు జోడించి వెళ్లిపోయింది.

వేలు నల్లబడ్డాక కొడుకు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడివాళ్లు చెయ్యి కాపాడారు, వేలు తీసేశారు. నేను చూడటానికి వెళ్లాను, వెళ్లకపోతే బాగుండదని. కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పడుకుంది. నన్ను చూసి లేవబోయింది. నేను కూర్చోగానే మెల్లగా చెప్పింది: "అందరికీ తగ్గింది, నాకే తగ్గలా. నా నమ్మకమే చాల్లేదమ్మగారూ. నాలోనే ఏదో లోపం ఉంది."

నేను ఏమన్నానో తెలుసా? "అట్లా అనుకోకు" అన్నాను. అంతే. బత్తాయి ఒలిచి నోట్లో పెట్టి బస్సెక్కి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. ఏడుపు వల్ల ఆమెకి ఒరిగిందేముంది?

ఆ తర్వాత మార్తమ్మ ప్రార్థన చేయడం మానేసింది. చర్చికి వచ్చేది, పాటలప్పుడు పెదవులు కదిపేది. అయ్యగారు పిలిచినా, "నా ప్రార్థన ఎందుకులెండి" అని తల దించుకునేది. వేలు లేకుండా పని చేయడం అలవాటు చేసుకుంది, నడిమివేలితో తొడిమలు తీస్తుంది. ఆ గొంతు మాత్రం తిరిగి రాలేదు. దేవుడు తనని పక్కన పెట్టాడని ఆమె నమ్మింది. కాదని చెప్పగలిగిన మనిషిని భూమ్మీద నేనొక్కదాన్నే. చెప్పలేదు.

నూనె ఇవ్వడం ఆపేశాను. ఎలా ఆపాననుకున్నారు? ఇక అందరినీ సెంటర్‌కి పంపమని దేవుడు నాతో చెప్పాడన్నాను. అదీ అబద్ధమే. దేవుడేమీ చెప్పలేదు, భయం చెప్పింది. కానీ ఆ అబద్ధాన్ని పట్టుకుని పని చేశాను, అది మాత్రం నిజం. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బల్ల వేయించాను. నర్సమ్మ సెలవు రోజని చూసుకోకుండా వచ్చేది. మొదట్లో ఎవరూ ఆగేవారు కాదు. నేనే చెప్పులేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. నా చేతికి సూది గుచ్చి చూపించాను. ట్యూబు మూత నేనే తీసి, నా చేతికి రాసుకుని, ఇది సర్కారు మందు, మీది, నా మహిమేం లేదు అని చెప్పాను. అందరూ అది అమ్మగారి తగ్గింపు, వినయం అనుకున్నారు. ఇంకో పేరు వచ్చిపడింది నాకు.

ఇప్పుడు మీరు మా వరండాకి రావాలి. కోతల కాలంలో మార్కాపురం వైపు నుంచి వచ్చి చేల దగ్గర గుడారాలేసుకునే కూలీలు కూడా వచ్చి నిలబడతారు. మా కార్డు ఈ ఊరిది కాదు, ఇస్తారా అని భయంభయంగా అడుగుతారు. మా ఆడవాళ్లే జవాబు చెబుతారు: "కార్డెందుకే, చెయ్యి చూపియ్యి." పోయిన నెల ట్యూబులు రావడం ఆలస్యమైతే నర్సమ్మని చుట్టుముట్టి మా మందేదీ అని నిలదీశారు. మా మందు అంటున్నారు చూడండి. ఒకప్పుడు సైకిలు చైనుకి పూసింది ఇదే. ఆ పిల్ల తిట్లు తింటూ నవ్వుతోంది. ఎవరికి ఏ బిళ్ల ఎందుకో వాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. షుగరు ముందే తెలిసి మందులు వాడుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు, అందరి వేళ్లూ బాగానే ఉన్నాయి.

ఇది చూసి నాకు సంతోషం కలగదా? కలుగుతుంది, దాచను. కానీ ఈ మంచిపని అంతా నా తప్పు మీద కప్పిన దుప్పటేమోనని ఒక అనుమానం. దుప్పటి అయినా వెచ్చగానే ఉంది కదా అని ఇంకో మనసు. ఇలా నాలో నేనే పోట్లాడుకుంటూ గడిపేశాను.

ఈ మధ్య ఒక ఆదివారం మార్తమ్మ తన షుగరు బిళ్లలు తీసుకుని వెళ్తూ, మనవడి మోచేతి దురదకి ఒక ట్యూబు అడిగింది. అందరూ వెళ్లిపోయారు. మెట్ల మీద కూర్చుని మూత తీసి వాసన చూసింది.

"ఇదేందమ్మగారూ, మీ నూనె వాసనొస్తంది దీనికి," అంది. తర్వాత తనే నవ్వింది. "వారం వారం మీరే పంచుతారు గదా. మీ చేతి వాసన అంటుకుంది."

తప్పించుకునే దారి ఆమే చూపించింది. నవ్వేసి అవునంటే చాలు. ఆమె పక్కన, ఆ మెట్టు మీదే కూర్చున్నాను. అంతా చెప్పాను. కొబ్బరినూనె నుంచి మొదలుపెట్టి, అరుగు కింద ఆమె నిలబడ్డ సాయంత్రం దాకా. వాసన దొరికిపోతుందని వెళ్లొద్దన్నానని కూడా చెప్పాను. తడబడ్డాను, వెనక్కీ ముందుకీ చెప్పాను, కానీ ఏదీ వదల్లేదు.

ఆమె ట్యూబుకి మూత పెట్టింది.

"ఆ రోజు నన్ను ఎళ్లమంటే వేలు నిలిచేదా?"

"తెలియదు మార్తమ్మా. నిలిచేదేమో. నేను వద్దంది నీ మంచికి కాదు, నా పేరు కోసం."

నేను తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను, అంటే ఆమె తిడితే పడటానికి. ఆమె తిట్టలేదు. నెమ్మదిగా, తనతో తనే అనుకుంటున్నట్టు అంది:

"అయితే నా నమ్మకంలో లోపం లేదన్నమాట."

"లేదు. ఎప్పుడూ లేదు."

అప్పుడు ఏడ్చింది. నేను క్షమించమని నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. "ఇప్పుడేం అడగమాకండి," అంది. చెంగుతో మొహం తుడుచుకుంది. "సంఘంలో కూడా మీరు చెప్పమాకండి. మీరు ఏడుస్తారు, అందరూ అయ్యో అమ్మగారూ అంటారు, మళ్లీ మీరే మంచోళ్లవుతారు. నేను చెప్తా. నాకెప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్తా." ట్యూబు కొంగున కట్టుకుని, వందనాలు అనకుండా వెళ్లిపోయింది.

నిజం చెప్పొద్దూ, సంఘం ముందు ఏడవాలనే నేననుకున్నాను. ఏ పాట పాడాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. ఆమె నన్ను ఎంత బాగా చదివిందో. అందుకే ఇక్కడ పేర్లు రాయడం లేదు. ఊళ్లో ఈ సంగతి చెప్పే హక్కు ఆమెది. మీకు చెప్పుకోవడానికి మాత్రం నన్ను నేను ఒప్పించుకున్నాను. మీరు అయ్యో అనరు కదా అని ధైర్యం.

ఆ సాయంత్రమే అయ్యగారికి చెప్పాను. "మరి నేను చెప్పిన ప్రసంగాలు?" అని ఒక్క మాట అడిగారు. ఆయన నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటున్నారు. అది ఆయన ఇష్టం. నేను తొందరపెట్టను.

మొన్న స్త్రీల కూడిక జరిగింది. ఎవరు ప్రార్థన చేస్తారని అడిగేలోపే మార్తమ్మ లేచింది. ముసుగు సర్దుకుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ గొంతు విన్నాం. మొదట కాస్త బొంగురుగా వచ్చింది, తర్వాత గోడలు దాటింది. వానల కోసం ప్రార్థించింది. కల్లాల్లో కాయ తడవకూడదని అడిగింది. గుడారాల్లో ఉన్న ఆడవాళ్ల కోసం, వాళ్ల బిడ్డల కోసం, నర్సమ్మకి మంచి సంబంధం రావాలని కూడా అడిగింది. నా పక్కావిడ ఏడుస్తోంది. తర్వాత అయ్యగారి ఆరోగ్యం కోసం ప్రార్థించింది. మా దగ్గర ప్రార్థనలో అయ్యగారి పేరొచ్చిందంటే ఆ వెంటనే అమ్మగారి పేరు రావాలి, అది ఎవరూ తప్పని పద్ధతి. మార్తమ్మ ఒక్క క్షణం ఆగింది. ఇద్దరు ముగ్గురు కళ్లు తెరిచి నా వైపు చూశారు. ఆమె ఊపిరి పీల్చుకుని, తన మనవడి చదువు గురించి మొదలుపెట్టింది.

నా పేరు రాలేదు. చివర్లో అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, కొంచెం గట్టిగానే.